రావాల్సింది, వచ్చేది: ఆస్కార్ అంచనాల నోటుబుక్కు

అందరికీ నమస్కారం.

ఈ నోటుబుక్కు మీకు చూపించాలనే తెచ్చాను. 2010 నుంచి రాస్తున్నాను. ఆస్కార్ అవార్డులు వచ్చే ముందు రోజు రాత్రి, ప్రతి విభాగంలో ఎవరు గెలుస్తారో ఇందులో రాసి, కింద తేదీ వేస్తాను. మొదటి పేజీల్లో ఒక్కో విభాగానికి ఒకే పేరు ఉంటుంది. 2017 నుంచి చూస్తే పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత కనిపిస్తుంది. గీతకు ఎడమ పక్కన 'రావాలి', కుడి పక్కన 'వస్తుంది' అని రాసి ఉంటుంది. ఒకే విభాగానికి రెండు పేర్లు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ గీత గురించే. అది ఎందుకు వచ్చిందో ముందు చెప్తాను.

2016 ఫిబ్రవరి. ఆ ఏడాది నన్ను బాగా కదిలించిన సినిమా 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్'. ఎడారిలో రెండు గంటలపాటు బండ్లు పరుగెడుతూనే ఉంటాయి, మాటలు చాలా తక్కువ, కథంతా కదలికలోనే చెప్తారు. ఉత్తమ చిత్రం అని దాని పేరే రాశాను. ఆ రాత్రి దానికి ఆరు ఆస్కార్లు వచ్చాయి. ఎడిటింగ్, రెండు సౌండ్ అవార్డులు, కాస్ట్యూమ్స్, మేకప్, ప్రొడక్షన్ డిజైన్. ఆ రాత్రి మరే సినిమాకూ అన్ని రాలేదు. ఒక్కోటీ వస్తుంటే నా నమ్మకం పెరుగుతూ పోయింది. చివరి కవరు విప్పితే 'స్పాట్‌లైట్' అని ఉంది. దానికి అప్పటిదాకా వచ్చింది స్క్రీన్‌ప్లే ఒక్కటే.

నాకు చాలా కోపం వచ్చింది. ఓటర్లకు సినిమా తెలియదని రెండు రోజులు అందరితో వాదించాను. తర్వాత నిదానంగా వెనక్కి వెళ్లి చూస్తే, ఆ ఏడాది సంకేతాలన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. దర్శకుల గిల్డ్ 'ది రెవెనెంట్'కు ఇచ్చింది. నిర్మాతల గిల్డ్ 'ది బిగ్ షార్ట్'కు ఇచ్చింది. నటుల గిల్డ్ తారాగణం అవార్డు 'స్పాట్‌లైట్'కు ఇచ్చింది. మూడు గిల్డ్‌లు మూడు సినిమాల వైపు ఉన్నాయి, మూడింటిలో ఒక్కటి కూడా నేను రాసిన సినిమాను ఎంచుకోలేదు. నేను రాసింది నా ఇష్టం. దానికి అంచనా అని పేరు పెట్టాను. అప్పుడు గీశాను ఈ గీత.

గిల్డ్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం కాస్త ఆగుతాను. గిల్డ్ అంటే సినిమాల్లో ఒకే వృత్తి చేసేవాళ్ల సంఘం. ఆస్కార్‌కు ఓటు వేసేది మాత్రం అకాడమీ అనే సంస్థ సభ్యులు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా అమెరికాలో అవార్డుల సీజన్ నడుస్తుంది. వెనిస్, టెలురైడ్, టొరంటో చిత్రోత్సవాలతో మొదలవుతుంది. డిసెంబరులో విమర్శకుల సంఘాల అవార్డులు, జనవరిలో గోల్డెన్ గ్లోబ్, ఆ తర్వాత నిర్మాతల గిల్డ్, దర్శకుల గిల్డ్, నటుల గిల్డ్, రచయితల గిల్డ్, మధ్యలో బ్రిటన్ వాళ్ల బాఫ్టా, చివరికి ఆస్కార్. గోల్డెన్ గ్లోబ్‌కు ఓటు వేసేది జర్నలిస్టులు. వాళ్లకు ఆస్కార్ ఓటు ఉండదు. గిల్డ్‌ల సంగతి వేరు. నటుల గిల్డ్‌లో లక్షకు పైగా సభ్యులుంటే, వాళ్లలో కొందరికి ఆస్కార్ ఓటు కూడా ఉంటుంది. బాఫ్టా ఓటర్లలోనూ అంతే. కాబట్టి ఎవరు గెలిచారు అనే వార్త చదివేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: వీళ్లకు ఓటు వేసిన వాళ్లకు రేపు ఆస్కార్‌లో కూడా ఓటు ఉందా?

మొదట్లో ఈ గొడవేమీ లేదు. 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో మొదటి వేడుక జరిగినప్పుడు, గెలిచిన వాళ్ల పేర్లు మూడు నెలల ముందే అందరికీ తెలుసు. కార్యక్రమం పావుగంటలో అయిపోయింది. 1940లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక వేడుక కంటే ముందే పేర్లు అచ్చువేసింది. ఆ మరుసటి ఏడాది నుంచి సీలు వేసిన కవర్లు వచ్చాయి. మనం పడే టెన్షన్ అంతా ఆ కవరు తెచ్చిపెట్టిందే.

ఇక అసలు విషయం, ఉత్తమ చిత్రం ఓటు. ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే, అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

మీలో ఎంతమంది పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేశారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అక్కడ పేరు పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాం. లెక్కింపు ఒక రోజులో తేలదు. టీవీలో రెండు మూడు రోజులపాటు 'మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ మెజారిటీ రాలేదు, ఎలిమినేషన్ కొనసాగుతోంది' అని స్క్రోలింగ్ వస్తూనే ఉంటుంది. ఆస్కార్ ఉత్తమ చిత్రం లెక్కింపు కూడా అలాంటిదే. పది సినిమాలకు ఒకటి నుంచి పది దాకా ర్యాంకులు వేస్తారు. మొదటి స్థానం ఓట్లు సగం దాటితే అక్కడితో అయిపోతుంది. దాటకపోతే అడుగున ఉన్న సినిమాను తీసేసి, ఆ బ్యాలెట్లలో రెండో స్థానంలో ఉన్న సినిమాకు ఆ ఓట్లు బదిలీ చేస్తారు. ఏదో ఒకటి సగం దాటేవరకు అదే పద్ధతి. ఇది 2009 సినిమాల నుంచి, అంటే పోటీలో ఐదు సినిమాల బదులు పది పెట్టినప్పటి నుంచి అమల్లో ఉంది. మిగతా విభాగాలన్నిటిలో ఫైనల్ ఓటు మామూలుదే. ఎక్కువ ఓట్లు వచ్చిన వాళ్లు గెలిచినట్టు.

ఒక చిన్న లెక్క చేద్దాం. వంద మందికి టిఫిన్ పెట్టాలి, ఒకే రకం. పెసరట్టు, ఇడ్లీ, పూరీ, ఉప్మా. మొదటి ఓటు పెసరట్టుకు 38, ఇడ్లీకి 30, పూరీకి 20, ఉప్మాకు 12 వచ్చాయి అనుకుందాం. మామూలు లెక్కలో పెసరట్టు గెలిచినట్టే. కానీ 50 దాటలేదు. ఉప్మా తీసేద్దాం. ఆ పన్నెండు మందిలో పది మంది రెండో అంకె ఇడ్లీకి వేశారు, ఇద్దరు పెసరట్టుకు. ఇప్పుడు రెండూ 40, 40. పూరీ తీసేద్దాం. ఆ ఇరవైలో 13 ఇడ్లీకి, 7 పెసరట్టుకు. ఇడ్లీ 53, పెసరట్టు 47. అందరూ ఇడ్లీ తింటారు. ఇడ్లీ మీద ప్రాణం పెట్టుకున్న వాళ్లు ఇక్కడ తక్కువే, వద్దనేవాళ్లు మాత్రం ఇంకా తక్కువ. పెసరట్టుకు అభిమానులు ఎక్కువ, అల్లం పడదనేవాళ్లు, పొద్దున్నే బరువనేవాళ్లు కూడా ఎక్కువ.

'మ్యాడ్ మ్యాక్స్'ను మొదటి స్థానంలో పెట్టిన వాళ్లు ఎందరో నాకు తెలియదు, అకాడమీ ఓట్ల లెక్కలు ఎప్పుడూ బయటపెట్టదు. కానీ ఒక పత్రికాఫీసులో నలుగురు విలేకరులు ఓపికగా నిజం వెలికితీసే 'స్పాట్‌లైట్' లాంటి సినిమాను ఎనిమిదో స్థానంలో పెట్టే ఓటరును ఊహించుకోవడం కష్టం. ఉత్తమ చిత్రం అంచనా వేసేటప్పుడు, దీన్ని ఎంతమంది ప్రేమిస్తారు అని ఒక్కసారి అడిగితే, దీన్ని ఎంతమంది ఇష్టపడరు అని రెండుసార్లు అడగండి.

నిర్మాతల గిల్డ్ కూడా 2009 నుంచి ఇదే ర్యాంకుల పద్ధతి వాడుతుంది. అందుకే ఉత్తమ చిత్రానికి దాని మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. 'గ్రీన్ బుక్', 'కోడా', 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్', 'ఓపెన్‌హైమర్', 'అనోరా', అన్నీ అక్కడ గెలిచి ఇక్కడా గెలిచినవే. అయినా ఈ మధ్య కాలంలో మూడుసార్లు తప్పింది. 2016లో 'బిగ్ షార్ట్', 2017లో 'లా లా ల్యాండ్', 2020లో '1917'.

2017 సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఉత్తమ చిత్రాన్ని ప్రకటించడానికి వచ్చిన నటుడు వారెన్ బీటీ చేతికి ఉత్తమ నటి కవరు తాలూకు రెండో ప్రతి వెళ్లింది. 'లా లా ల్యాండ్' అని ప్రకటించారు, ఆ బృందం వేదిక ఎక్కి మాట్లాడుతుండగానే అసలు విజేత 'మూన్‌లైట్' అని తేలింది. అందరూ ఆ కవరు గురించే మాట్లాడుకున్నారు. నేను ఆలోచించింది వేరే. పద్నాలుగు నామినేషన్లు ఉన్న సినిమా, నిర్మాతల గిల్డ్, దర్శకుల గిల్డ్, బాఫ్టా అన్నీ గెలిచిన సినిమా, ఎలా ఓడింది? సమాధానం ఓటర్ల జాబితాలో ఉంది. అంతకు ముందు రెండేళ్లు వరసగా నటనకు నామినేట్ అయిన ఇరవై మందీ తెల్లవాళ్లే కావడంతో పెద్ద నిరసన వచ్చింది. అకాడమీ తలుపులు తెరిచింది. యువకులను, మహిళలను, నల్లజాతి వాళ్లను, ఇతర దేశాల వాళ్లను వందల సంఖ్యలో చేర్చుకుంది. అప్పుడు ఆరు వేల పైచిలుకు ఉన్న సభ్యులు ఇప్పుడు పది వేలు దాటారు. ఓటరు మారితే పాత సూత్రం పనిచేయదు.

దీనికి మంచి ఉదాహరణ ఎడిటింగ్ సూత్రం. ఎడిటింగ్‌లో నామినేషన్ లేని సినిమా ఉత్తమ చిత్రం కాలేదని ముప్పై ఏళ్లకు పైగా అందరూ చెప్పుకున్నారు. 1980 నాటి 'ఆర్డినరీ పీపుల్' తర్వాత మినహాయింపే లేదు. 2015లో 'బర్డ్‌మ్యాన్' గెలిచింది, దానికి ఎడిటింగ్ నామినేషన్ లేదు. దర్శకుడికి నామినేషన్ లేకుండా గెలవడం కష్టం అన్నారు. 2013లో 'ఆర్గో' గెలిచింది, 2019లో 'గ్రీన్ బుక్' గెలిచింది. 2022లో 'కోడా' ఈ రెండు సూత్రాలనూ ఒకేసారి దాటేసింది. దానికున్నవి మొత్తం మూడు నామినేషన్లు, మూడూ గెలిచింది. ఇంగ్లిష్ కాని భాషలో తీసిన సినిమాకు ఉత్తమ చిత్రం రాదు అనేది తొంభై ఏళ్ల సూత్రం. 2020లో కొరియా సినిమా 'పారసైట్' దాన్ని కూడా పక్కకు నెట్టింది. ఆ రాత్రి నా పేజీలో ఎడమ గడిలో 'పారసైట్', కుడి గడిలో '1917' ఉన్నాయి. తప్పు రాసినందుకు అంత సంతోషించిన రాత్రి నాకు ఇంకోటి లేదు.

అలాగని సూత్రాలు పారేయమని కాదు. దర్శకుల గిల్డ్ గెలిచిన వాళ్లకే ఉత్తమ దర్శకుడి ఆస్కార్ వస్తుంది అన్నది 1948 నుంచి ఉన్న లెక్క, అది తప్పిన సందర్భాలను రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ ఎదురు వెళ్లాలంటే గట్టి కారణం ఉండాలి.

ఇప్పుడు నటన. నన్ను ఎక్కువ బాధపెట్టిన పేజీ ఇక్కడ ఉంది. 2021.

చాడ్విక్ బోస్‌మన్ 2020 ఆగస్టులో 43 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన 'మా రైనీస్ బ్లాక్ బాటమ్' అతని చివరి సినిమా. జబ్బు సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా అతను ఆ పాత్ర చేశాడు. గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, విమర్శకులు ఇచ్చే క్రిటిక్స్ ఛాయిస్ వచ్చింది, ఏప్రిల్ మొదట్లో నటుల గిల్డ్ అవార్డు వచ్చింది. నేను రెండు గడుల్లోనూ అతని పేరే రాశాను. ఆ ఏడాది వేడుక నిర్వాహకులు కూడా క్రమం మార్చారు. ఎప్పుడూ చివర్లో వచ్చే ఉత్తమ చిత్రాన్ని ముందుకు జరిపి, ఉత్తమ నటుడి అవార్డును చివరికి పెట్టారు. ప్రపంచమంతా ఒక నివాళి కోసం ఎదురుచూసింది. కవరులో ఆంథొనీ హాప్కిన్స్ పేరు వచ్చింది. 'ది ఫాదర్' సినిమాకు. ఆయన అక్కడ లేడు, వేల్స్‌లో ఉన్నాడు. విజేత ప్రసంగం లేకుండానే కార్యక్రమం ముగిసిపోయింది. మర్నాడు ఉదయం ఆయన వేల్స్ నుంచి ఒక చిన్న వీడియో పెట్టి, అందులో బోస్‌మన్‌ను తలచుకున్నాడు.

మన దగ్గర అది సోమవారం ఉదయం. కరోనా రెండో వేవ్ మధ్యలో ఉన్నాం. నోటుబుక్కు మూసేసి చాలాసేపు కూర్చున్నాను. తర్వాత తేదీలు చూశాను. బాఫ్టా ఏప్రిల్ 11న వచ్చింది, హాప్కిన్స్ గెలిచాడు. ఆస్కార్ ఫైనల్ ఓటింగ్ ఏప్రిల్ 15న మొదలై 20న ముగిసింది. 'ది ఫాదర్' అమెరికాలో ఆలస్యంగా విడుదలైంది. చాలామంది ఓటర్లు ఆ సినిమాను సరిగ్గా ఓటు వేసే రోజుల్లోనే చూసి ఉంటారని నా అనుమానం. మతిమరుపు కమ్ముకొస్తున్న ముసలాయన చివర్లో అమ్మ కోసం ఏడ్చే ఆ సన్నివేశాన్ని చూసి, మర్నాడు బ్యాలెట్ తెరిచిన మనిషి ఏం చేస్తాడు? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. అందరితో పాటు నేనూ ఒక కథను నమ్మాను. ఓటరు ఆ వారం ఏం చూస్తున్నాడో చూడలేదు.

అప్పటి నుంచి పేజీ పైన ఓటింగ్ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రాసుకుంటున్నాను. 2025లో అది పనికొచ్చింది. ఉత్తమ నటికి డెమీ మూర్ గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్, నటుల గిల్డ్ మూడూ గెలిచింది. 'అనోరా'లో చేసిన మైకీ మ్యాడిసన్‌కు బాఫ్టా వచ్చింది. అందరూ నటుల గిల్డ్ ఫలితం చూపించి డెమీ మూర్ అన్నారు. కానీ ఆస్కార్ ఓటింగ్ ఫిబ్రవరి 18న ముగిసింది, నటుల గిల్డ్ వేడుక 23న జరిగింది. ఆ వేదిక మీద ఆమె చేసిన ప్రసంగం ఒక్క ఆస్కార్ ఓటును కూడా మార్చలేదు, ఎందుకంటే అప్పటికే ఓట్లు పడిపోయాయి. మైకీ మ్యాడిసన్ గెలిచింది. 2019లో ఒలీవియా కోల్‌మన్, 2024లో ఎమ్మా స్టోన్ కూడా బాఫ్టా చేతిలో పెట్టుకుని, నటుల గిల్డ్‌లో ఓడిపోయి, ఆస్కార్ గెలిచారు. అయితే ఇదే కొత్త సూత్రం అనుకోకండి. 2023లో బాఫ్టా కేట్ బ్లాంషెట్‌కు వచ్చింది, ఆస్కార్ మిషెల్ యో గెలిచింది.

(సభలో నుంచి ప్రశ్న: "సార్, నామినేషన్లకు కూడా అందరూ ఓటు వేస్తారా?")

మంచి ప్రశ్న. లేదమ్మా. నటులను నటులు, ఎడిటర్లను ఎడిటర్లు, సంగీతాన్ని సంగీత శాఖ వాళ్లు నామినేట్ చేస్తారు. ఉత్తమ చిత్రానికి మాత్రమే అందరూ. నటుల శాఖలో దాదాపు పదమూడు వందల మంది ఉంటారు. ఐదు స్థానాలు. ఆరో వంతు ఓట్లు దాటితే చాలు, స్థానం ఖాయం. అంటే రెండు వందల పైచిలుకు మంది. 2023లో నటి ఆండ్రియా రైజ్‌బరో నామినేషన్ వెనకున్న రహస్యం ఇదే. ఆమె సినిమా 'టు లెస్లీ' థియేటర్లలో ముప్పై వేల డాలర్లు కూడా వసూలు చేయలేదు. తోటి నటులు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని, సినిమా చూడమని చెప్పుకున్నారు. ఆ కొద్దిమంది ఆమెను మొదటి స్థానంలో పెట్టారు. నామినేషన్‌కు కొద్దిమంది గాఢమైన ఇష్టం కావాలి. ఉత్తమ చిత్రం ఫైనల్‌కు ఎక్కువమంది అంగీకారం కావాలి. ఈ రెంటినీ కలిపేస్తే అంచనా తప్పుతుంది.

ఇక మన పాట 'నాటు నాటు' దగ్గరకు వస్తాను. దీని గురించి మాట్లాడకుండా ఇక్కడి నుంచి వెళ్లనివ్వరని తెలుసు.

ముందు ఒక మాట. ప్రతి జనవరిలో మన వార్తల్లో 'ఫలానా సినిమా ఆస్కార్ బరిలో' అని వస్తుంది. అకాడమీ ఏటా అర్హత ఉన్న సినిమాల జాబితా ఒకటి విడుదల చేస్తుంది, అందులో దాదాపు మూడు వందల సినిమాలు ఉంటాయి. నిర్ణీత అమెరికా నగరాల్లో ఒకదానిలో వారం రోజులు ఆడి, కాగితాలు సరిగ్గా సమర్పిస్తే ఆ జాబితాలోకి రావచ్చు. అది అర్హత. కొన్ని విభాగాల్లో దాని తర్వాత షార్ట్‌లిస్ట్, అంటే వడపోసిన చిన్న జాబితా, ఆ తర్వాత నామినేషన్. మూడూ వేరు వేరు మెట్లు. మొదటి మెట్టు మీద ఉన్న సినిమాకు పూలదండ వేస్తే, మూడో మెట్టు ఎక్కినప్పుడు దాని విలువ మనకు తెలియకుండా పోతుంది.

'ఆర్‌ఆర్‌ఆర్' 2022 మార్చి 25న విడుదలైంది. భారతదేశం తరఫున అధికారికంగా వెళ్లింది అది కాదు, గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'. ఒక దేశం ఒక సినిమానే పంపాలి. తెలుగు నుంచి అలా వెళ్లిన సినిమా 1986 నాటి 'స్వాతిముత్యం', దానికి నామినేషన్ రాలేదు. కానీ పాట విభాగానికి దేశం పంపాల్సిన పని లేదు. అమెరికాలో నిబంధన ప్రకారం ఆడితే చాలు. జూన్ 1న అమెరికాలో ఒక రాత్రి కోసం మళ్లీ విడుదల చేశారు. అక్కడి ప్రేక్షకులు తెర ముందుకు వచ్చి డాన్స్ చేయడం మొదలుపెట్టారు. డిసెంబరులో న్యూయార్క్ విమర్శకుల సంఘం రాజమౌళికి ఉత్తమ దర్శకుడి అవార్డు ఇచ్చింది. అదే నెలలో పదిహేను పాటల షార్ట్‌లిస్ట్‌లో 'నాటు నాటు' ఉంది. జనవరిలో గోల్డెన్ గ్లోబ్, తర్వాత క్రిటిక్స్ ఛాయిస్. జనవరి 24న నామినేషన్.

ఆ రోజు నేను పోటీని ఒక్కొక్కటిగా చూశాను. లేడీ గాగా పాట ఉంది, ఆమెకు అప్పటికే పాటకు ఆస్కార్ ఉంది. రిహానా పాట ఉంది, అది నెమ్మదైన నివాళి గీతం. డయాన్ వారెన్‌కు అది పద్నాలుగో నామినేషన్, అంతకు ముందు పదమూడుసార్లూ ఓడిన ఆమెకు సానుభూతి ఉంది, కానీ ఆ సినిమాను చూసినవాళ్లు తక్కువ. ఐదోది 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్' పాట. ఆ సినిమాకు ఆ ఏడాది పదకొండు నామినేషన్లు ఉన్నా, ఆ పాటను థియేటర్ బయటకు వచ్చి పాడుకునేవాళ్లు నాకు కనబడలేదు. నాలుగు పాటలూ చెవితో వినేవి. మనదొక్కటే ఒళ్లంతా కదిలించేది. ఈ విభాగం ఫైనల్‌లో ర్యాంకులు లేవు, ఎక్కువ ఓట్లు వస్తే చాలు. పెసరట్టు గెలిచే చోటు ఇది. ఫైనల్ ఓటు వేసేది సంగీతం వాళ్లు ఒక్కరే కాదు, అన్ని శాఖల వాళ్లూ వేస్తారు. భాష తెలియని ఎడిటరుకు, మేకప్ మనిషికి కూడా కీవ్‌లోని ఆ భవనం ముందు తీసిన డాన్స్ గుర్తుంటుంది.

గీతకు రెండు పక్కలా 'నాటు నాటు' అనే రాశాను. కుడి పక్కన రాసేటప్పుడు చెయ్యి ఆగింది. మన పాట కాబట్టి రాస్తున్నానా అని నన్ను నేను అడిగాను. తెలుగు తెలియని ఒక మనిషి నా చోట కూర్చుంటే ఇదే రాస్తాడా? రాస్తాడు అనిపించింది, కారణాలు చాలినన్ని ఉన్నాయి. మార్చి 13 ఉదయం కీరవాణి, చంద్రబోస్ ఆ వేదిక మీద నిలబడినప్పుడు మా ఇంట్లో అందరం ఏడ్చాం. కళాతపస్వి విశ్వనాథ్ గారు ఆ ఫిబ్రవరి 2నే వెళ్లిపోయారు. నామినేషన్ చూశారు, అవార్డు చూడలేదు. 'స్వాతిముత్యం' తీసిన మనిషి ఇంకో నలభై రోజులు ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో మార్పు కూడా జరిగింది. ఆ ఏడాది జూన్‌లో అకాడమీ ఎన్టీఆర్, రామ్‌చరణ్, కీరవాణి, చంద్రబోస్, ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్‌ను సభ్యులుగా చేరమని పిలిచింది. మరుసటి ఏడాది రాజమౌళి, రమా రాజమౌళి, ప్రేమ్ రక్షిత్‌ను పిలిచింది. అంటే ఓటర్లు ఎవరు అని నేను ఇందాక అడిగిన ప్రశ్నకు జవాబులో ఇప్పుడు హైదరాబాద్ కూడా ఉంది.

(సభలో నుంచి ప్రశ్న: "మన జాతీయ అవార్డులను కూడా ఇలా అంచనా వేయొచ్చా?")

నా అనుభవంలో కుదరదు. అక్కడ వేల ఓట్లు లేవు. ఒక చిన్న జ్యూరీ గదిలో కూర్చుని సినిమాలు చూసి, చర్చించి నిర్ణయిస్తుంది. జ్యూరీ ఏటా మారుతుంది. ముందు వచ్చే గిల్డ్ అవార్డులు లేవు. 2023లో అల్లు అర్జున్ 'పుష్ప'కు ఉత్తమ నటుడు అయినప్పుడు, తెలుగు నటుడికి అది మొదటిసారి. అదే రోజు చంద్రబోస్‌కు పాట అవార్డు 'కొండపొలం'కు వచ్చింది. అప్పటికే ఆస్కార్ గెలిచిన పాట పోటీలో ఉండగా ఎవరు ఊహిస్తారు? జ్యూరీలో ఎవరో ఒకరు ఆ పాటను గట్టిగా పట్టుకుని ఉంటారు. నాకు ఆ పద్ధతి కూడా ఇష్టమే, కానీ దానికి నోటుబుక్కు పనికిరాదు.

మీలో రివ్యూలు రాసేవాళ్లు ఉన్నారని చెప్పారు. మీకు ఒక విన్నపం. సినిమా చూసిన రాత్రే రాయండి. అవార్డుల సీజన్లో రివ్యూకు ఒక జబ్బు వస్తుంది. డిసెంబరులో అందరూ మెచ్చుకున్న సినిమా జనవరిలో ముందు వరుసలోకి వస్తే, ఫిబ్రవరికి దానిలో తప్పులు వెతకడం మొదలవుతుంది. సినిమా మారలేదు, మన చూపు మారింది. అంచనాల వేడి ఎక్కకముందే రాసిన వాక్యం మీద మాత్రమే నాకు నమ్మకం. ఇంకోటి, 'ఈ పాత్రకు ఆస్కార్ ఖాయం' అని రివ్యూలో రాయకండి. ఆ నటి ఏ సన్నివేశంలో ఏం చేసింది, చెయ్యి ఎక్కడ పెట్టింది, ఎప్పుడు కళ్లు దించింది, అది రాయండి. పదేళ్ల తర్వాత చదివేవాళ్లకు అదే కావాలి. 'ది ఫాదర్' గురించి నా పాత రివ్యూ తీసి చూశాను. చివరి సన్నివేశం గురించి పేరా నిండా రాశాను. నర్సు భుజం మీద ఆ తల ఎలా వాలిందో కూడా రాశాను. రివ్యూ రాసిన చెయ్యి చూసింది, అంచనా రాసిన చెయ్యి చూడలేదు.

ఇంకో మంచి వార్త చెప్పి ముగిస్తాను. 2025లో అకాడమీ ఒక కొత్త నిబంధన పెట్టింది. ఒక విభాగంలో ఫైనల్ ఓటు వేయాలంటే, అందులో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలి. ఇన్నాళ్లూ అది లేదంటే మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. కొద్దిమందే చూసే చిన్న సినిమాలకు ఇది మేలు చేస్తుందని నా ఆశ.

ఇప్పుడు కాగితాలు పంచుతున్నారు, తీసుకోండి. ఈ ఏడాది మనం ఇదే హాల్లో కలిసి చూసిన పది సినిమాల పేర్లు వరసగా ఉన్నాయి. ఎడమ గడిలో ఒకే ఒక్క టిక్కు పెట్టండి, మీ మనసుకు నచ్చినదానికి. కుడి గడిలో ఒకటి నుంచి పది దాకా అంకెలు వేయండి. ఈ హాల్లో గెలుస్తుందని మీకు అనిపించే సినిమా పేరు కాగితం వెనక రాయండి. లెక్కింపు ఈ బల్ల మీదే, అందరి ముందూ చేద్దాం. ఎలిమినేషన్లు నేను చదువుతాను, ఎవరైనా ఇద్దరు వచ్చి బోర్డు మీద అంకెలు రాయండి. టీ వచ్చింది, తాగుతూ వేయండి. తొందరేం లేదు.